పరుగు పెంచారు... పొట్ట తగ్గలేదేం?

అలారం 4:45కి మోగుతుంది. అమెరికా వాళ్లతో కాల్ ముగించి మీరు పడుకున్నది పన్నెండున్నరకి. అయినా లేస్తారు. మూడు నెలల కిందట ఒట్టు పెట్టుకున్నారు కదా! గుక్కెడు బ్లాక్ కాఫీ, గంట పరుగు, అరగంట బరువులు. టిఫిన్ మానేశారు. మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రికి కీరా ముక్కలు. మొదటి నెల మూడు కిలోలు తగ్గారు. ఆఫీసులో "ఏం తింటున్నావు, ఇంత సన్నబడ్డావ్!" అని అడిగితే ఛాతీ ఉప్పొంగింది. రెండో నెల కాటా కదల్లేదు. మూడో నెలకి చేతులు, తొడలు పీలగా అయ్యాయి, చొక్కా భుజాల దగ్గర వదులైంది, ప్యాంటు గుండీ మాత్రం ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టి పెట్టుకోవాల్సి వస్తోంది.

ఇప్పుడేం చేద్దామనుకుంటున్నారు? పరుగు ఇంకో పావుగంట పెంచి, రెండు పుల్కాల్లో ఒకటి తీసేద్దామనేగా?

ఆ పని చేయకండి. ఈ అధ్యాయం చదివాక కూడా అదే చేయాలనిపిస్తే మీ ఇష్టం.

మీ పట్టుదలకి నూటికి నూరు మార్కులు వేయొచ్చు. లెక్క దగ్గరే తేడా వచ్చింది. ఆఫీసు టెన్షన్ ఒక పద్దు, ఇంటి అప్పు వాయిదా ఇంకో పద్దు, నిద్ర చాలకపోవడం వేరే సంగతి, వ్యాయామం మాత్రం పుణ్యం ఖాతా అని మీరు విడివిడిగా రాసుకుంటున్నారు. శరీరం దగ్గర ఉన్నది ఒకటే చిట్టా. అన్నీ అందులోనే ఖర్చు కింద పడతాయి.

1936లో మాంట్రియల్‌లో హన్స్ సెల్యే అనే యువ శాస్త్రవేత్త ఎలుకల్ని నానా తిప్పలు పెట్టాడు. కొన్నిటిని చలిలో ఉంచాడు, కొన్నిటికి గాయం చేశాడు, కొన్నిటికి మందులు ఎక్కించాడు, కొన్నిటిచేత ఒళ్లు హూనమయ్యేదాకా కసరత్తు చేయించాడు. బాధ ఏదైనా లోపల జరిగింది ఒకటే: అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, కడుపులో పుళ్లు పడ్డాయి. ఒత్తిడి గురించి ఇవాళ మనం మాట్లాడుకునే మాటల్లో చాలావాటికి ఆ ఎలుకల గూడే పుట్టిల్లు. చలి, గాయం, మందుల పక్కన మితిమీరిన కసరత్తు కూడా ఆ జాబితాలో ఉందన్న సంగతి జిమ్ గోడల మీద ఎవరూ రాయరు.

లోపల ఏం జరుగుతుంది?

సిద్ధాంతం ఎక్కువ చెప్పను. మూత్రపిండాల మీద చిన్న టోపీల్లా కూర్చున్న గ్రంథులు అడ్రినల్స్. కుక్క వెంటపడితే క్షణాల్లో గుండె దడదడలాడించేది అక్కడి అడ్రినలిన్. కాస్త ఆలస్యంగా వచ్చి ఎక్కువసేపు ఉండేది కార్టిజోల్. ఇది శత్రువేం కాదు. పొద్దున మిమ్మల్ని మంచం మీంచి లేపేవాటిలో అదొకటి. లేచిన అరగంట, ముప్పావుగంటకి రోజులోకెల్లా ఎక్కువగా ఉంటుంది, అర్ధరాత్రి దగ్గర బాగా దిగిపోతుంది. వ్యాయామం చేసేటప్పుడు ఎక్కుతుంది, అయ్యాక దిగుతుంది. అలా ఎక్కి దిగితేనే బాగుంటుంది.

చిక్కంతా దిగాల్సిన వేళకి దిగకపోతేనే. "ఆపద ఉంది, చక్కెర కావాలి" అని అది కాలేయానికి చెబుతుంది. కాలేయం ఆ చక్కెర తయారీకి ముడిసరుకు కండల్లోంచి కూడా లాక్కుంటుంది. కార్టిజోల్ ఉప్పునీ నీటినీ కూడా పట్టి ఉంచుతుంది. తీపి మీదికి, నూనె సరుకు మీదికి మనసు లాగుతుంది. మిగిలిన కొవ్వుని పొట్ట లోపల, పేగుల చుట్టూ దాచడానికి మొగ్గు చూపుతుంది.

నమ్మకం కలగకపోతే కుషింగ్స్ సిండ్రోమ్ అనే జబ్బుని చూడండి. కార్టిజోల్ అదుపు తప్పి ఊరితే వస్తుంది, లేదా స్టెరాయిడ్ మాత్రలు చాన్నాళ్లు మింగితే వస్తుంది. ముఖం చంద్రబింబంలా ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది, చేతులూ కాళ్లూ పుల్లల్లా అవుతాయి. మీకు ఆ జబ్బు ఉందని నేననడం లేదు, కంగారు పడకండి. ఆ దారి ఎటు పోతుందో తెలియడానికి చెప్పాను.

ఇక్కడే ఒక మాట తేల్చేద్దాం. "కార్టిజోల్ పొట్ట" అని ఫోన్‌లో రోజుకో వీడియో వస్తోంది. తిండి ఎంత తిన్నా ఫర్వాలేదు, తప్పంతా హార్మోనుదే అన్నట్టు. అది అబద్ధం. ఏ హార్మోనూ గాల్లోంచి కొవ్వు పుట్టించలేదు. కార్టిజోల్ చేసే నష్టంలో ఎక్కువ భాగం దొడ్డిదారిన జరుగుతుంది: ఆకలి పెంచి, నిద్ర చెడగొట్టి, మనల్ని సోఫాకి అతికించి, కండ తగ్గించి. కాబట్టి మనం పట్టుకోవాల్సింది ఆ దొడ్డిదారుల్నే.

మనవాళ్ల విషయంలో దీనికి ఇంకో మెలిక ఉంది. 2004లో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బిఎంఐ (ఎత్తునిబట్టి బరువు చూసే లెక్క) ఒకటే, 22.3. కొవ్వు మాత్రం తెల్లాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. చూడ్డానికి సన్నం, లోపల లావు. అలాంటి ఒంట్లోంచి మొదట కండ కరిగించుకుంటే మిగిలేదేమిటో మీరే ఆలోచించండి.

సరే, ఏం చేయాలి?

1. కాటాని కాస్త దూరం పెట్టండి, టేపుని దగ్గర పెట్టుకోండి

రోజూ పొద్దున్నే కాటా ఎక్కే అలవాటు ఉందా? నిన్న 74.2, ఇవాళ 75. "రాత్రి ఆ ఒక్క మైసూర్‌పాక్ ముక్క తినకుండా ఉండాల్సింది" అని రోజంతా కుమిలిపోతారు. ముక్క బరువు యాభై గ్రాములు, పెరిగింది ఎనిమిది వందల గ్రాములు. ఇది కొవ్వెలా అవుతుంది? నీళ్లు. సరిగా నిద్రపోని రాత్రి, బరువులెత్తి ఒళ్లు నొప్పులు పుట్టిన మర్నాడు, ఆవకాయ దండిగా కలుపుకున్న రోజు ఒంట్లో నీరు నిలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకుల్ని, వాళ్ల ఇష్టంతోనే, ఆర్నెల్లు అర్ధాకలితో ఉంచి గమనించాడు. ఒళ్లు కరిగిపోతున్నా వాళ్ల కాళ్లకి, మొహాలకి నీరు పట్టింది. లోపల కొవ్వూ కండా పోతున్నా పైన కాటా ఆ సంగతి పూర్తిగా చెప్పలేకపోయింది. మీ రెండో నెల కథలో ఇందులోని పాలు కొంత ఉండి ఉండొచ్చు.

వారానికి ఒక్కరోజు చాలు. ఆదివారం పొద్దున, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు కాటా ఎక్కండి. తర్వాత టైలర్ టేపు తీసుకోండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యన చుట్టండి. పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా ఊపిరి వదిలి చూడండి. మనదేశంలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడాలంటారు. బరువు కదలకుండా నడుము ఒక సెంటీమీటరు తగ్గిందా? ఆ రోజు పండగ చేసుకోవాల్సిందే, మైసూర్‌పాక్‌తోనే అయినా సరే.

2. ముందు నిద్ర, తర్వాతే జిమ్

ఈ ఒక్కటి చేసి మిగతావి మానేసినా నేనేం అనను.

షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు. బరువెక్కువున్న పదిమందికి రెండు వారాలపాటు కొలిచి తక్కువ తిండి పెట్టారు. ఒక విడత రాత్రికి ఎనిమిదిన్నర గంటలు మంచం మీద ఉండనిచ్చారు, ఇంకో విడత అయిదున్నర గంటలే. రెండుసార్లూ బరువు సుమారు మూడు కిలోలే తగ్గింది. కానీ బాగా నిద్రపోయినప్పుడు పోయిన కొవ్వు 1.4 కిలోలు, నిద్ర తక్కువైనప్పుడు 0.6 కిలోలు. మిగిలింది కండా నీరూ వగైరా. తిండి అదే, ఆకలి బాధ ఇంకా ఎక్కువ, పోయింది మాత్రం పోకూడనిది! పదిమందితో చేసిన ప్రయోగం కాబట్టి అంకెల్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. కానీ 4:45 అలారం పెట్టే ముందు ఒకసారి గుర్తు చేసుకోండి.

అలాగని "ఎనిమిది గంటలు పడుకోండి" అని చెప్పి చేతులు దులుపుకోలేను. కాల్ పన్నెండుకి అయ్యేవాళ్లకి ఆ మాట వెక్కిరింపులా ఉంటుంది. మీ చేతిలో ఉన్నదేమిటో చూద్దాం. కాల్ ఉన్న రోజుల్లో పొద్దుటి వ్యాయామం రద్దు. సాయంత్రం ఆరింటికో, వారాంతంలోనో చేయండి. కాల్ అయ్యాక "కాసేపు రిలాక్స్ అవుదాం" అని ఫోన్ పట్టుకుని రీల్స్ చూసే నలభై నిమిషాలు ఎవరి ఖాతాలోంచి పోతున్నాయి? గది చీకటిగా, చల్లగా ఉంచండి. ఏ రాత్రి ఆలస్యమైనా పొద్దున లేచే వేళ గంటకి మించి అటూ ఇటూ కాకుండా చూసుకోండి. లేవగానే పది నిమిషాలు డాబా మీద ఎండలో నిలబడండి. ఒంట్లోని గడియారానికి పొద్దు తెలిసేది వెలుగుతోనే.

పూర్తిగా రాత్రి డ్యూటీ చేసేవాళ్లు పగటినిద్రని "కునుకు" అని పిలవడం మానేయండి. అదే మీ రాత్రి. ఇంట్లోవాళ్లకి గట్టిగా చెప్పండి: "అమ్మా, పన్నెండింటికి కొరియర్ వచ్చినా నన్ను లేపకు."

3. వ్యాయామం తగ్గించడం నేరం కాదు

వారంలో ఆరు రోజులు చెమటతో తడిసి ముద్దయితేనే చేసినట్టు అనుకునేవాళ్లు చాలామంది. ఒత్తిడి లేని కాలంలో, కుర్రతనంలో, అది చెల్లుతుంది. ఇంట్లో ఎవరికో ఆపరేషన్, ఆఫీసులో మార్చి నెల లెక్కలు, పిల్లాడికి ఇంటర్ పరీక్షలు, ఇవన్నీ ఉన్న నెలలో చెల్లదు. అలాంటి నెలకి నా సలహా: వారానికి రెండు మూడు రోజులు బరువులు, మిగతా రోజులు నడక. అంతే.

బరువులు ఎందుకంటే, కార్టిజోల్ కండని కరిగించమని చెబుతుంటే "ఇది నాకు కావాలి, ముట్టుకోకు" అని శరీరానికి చెప్పే గట్టి మాట అదొక్కటే. జిమ్ లేకపోతే బస్కీలు, దండీలు, నీళ్లు నింపిన డబ్బా ఎత్తడం. నడక ఎందుకంటే, పక్కవాళ్లతో కబుర్లు చెబుతూ నడవగలిగే వేగంలో కార్టిజోల్ పెద్దగా ఎక్కదు. హైదరాబాద్ కేబీఆర్ పార్కులో పొద్దున్నే రాజకీయాలు మాట్లాడుకుంటూ నడిచే పెద్దమనుషుల్ని చూసి నవ్వుకుంటాం కానీ, వాళ్ల వేగం సరైన వేగమే.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బరువు ఎత్తి దించగానే ముప్పై సెకన్లకే మళ్లీ ఎత్తేస్తారు, ఆయాసం వస్తే కొవ్వు కరుగుతోందని. గట్టిగా ఎత్తే మొదటి కొద్ది సెకన్లలో కండకి బలమిచ్చేది ఫాస్ఫోక్రియాటిన్ అనే నిల్వ. అది కండలో ఉందని 1927లో సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో తేల్చినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ నిల్వ తిరిగి నిండడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కాబట్టి కూర్చోండి, నీళ్లు తాగండి, సుబ్బారావుగారిని తలుచుకోండి, తర్వాత ఎత్తండి.

శ్రుతి మించిందని తెలిసేదెలా? పొద్దున మంచం దిగకముందు నిమిషంపాటు నాడి చూసుకోండి. వారంపాటు రాస్తే మీ మామూలు అంకె తెలుస్తుంది. కొన్ని రోజులు వరసగా దానికన్నా బాగా ఎక్కువ కనిపిస్తున్నా, మొన్నటిదాకా తేలిగ్గా ఎత్తిన బరువు ఇవాళ మొరాయిస్తున్నా, ఊరికే చిరాకు వస్తున్నా, అలసిపోయి కూడా నిద్ర పట్టకపోతున్నా ఒక వారం సగానికి తగ్గించండి. జ్వరం లక్షణాలుంటే అసలే వద్దు.

4. కడుపు మాడ్చి ఒంటిని భయపెట్టకండి

ఆకలి కూడా ఆ చిట్టాలో పడే ఖర్చే. రోజుకి 1,200 కేలరీల తిండితో మూడు వారాలు ఉంచిన ఆడవాళ్లలో కార్టిజోల్ పెరిగిందని 2010లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. ఇంకో తమాషా ఏమిటంటే, తిన్న ప్రతి ముక్కనీ లెక్క రాసుకోమంటే, ఆ రాయడం వల్లే మనసు మీద ఒత్తిడి పెరిగిందని వాళ్లే చెప్పారు. యాప్‌లో ఇడ్లీలు లెక్కబెట్టుకునేవాళ్లు గమనించండి.

అందుకని తిండి కొద్దిగానే తగ్గించండి. అన్నం మూడు గరిటెలు పెట్టుకునేవాళ్లు రెండుకి రండి, సున్నాకి పోకండి. ఆ ఖాళీలో మాంసకృత్తులు పెట్టండి. మన కంచంలో కొరత అక్కడే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలి. బరువు తగ్గుతూ కండ నిలుపుకోవాలంటే ఇంకొంచెం ఎక్కువ కావాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా పెంచకూడదు.

ఒక గుడ్డులో ఆరు గ్రాములు వస్తాయి. 70 కిలోల మనిషికి దాదాపు 58 గ్రాములంటే రెండు పుల్కాలు, కీరా ముక్కలతో ఎప్పటికి తేలుతుంది? పొద్దున పెసరట్టుతో రెండు గుడ్లు, మధ్యాహ్నం ముద్దపప్పు అన్నంలో మాయమైపోయేంత కాకుండా కప్పు నిండా, పెరుగు, రాత్రికి చేపో కోడో, శాకాహారులైతే పనీరో సెనగలో. టిఫిన్ మానేసి వ్యాయామం చేసేవాళ్లలో కొందరికి అది బాగానే పడుతుంది. మీకు పడుతోందా లేదా అన్నది సాయంత్రం తేలుతుంది: ఆరింటికి మిర్చి బజ్జీ బండి ముందు మీ కాళ్లు వాటంతట అవే ఆగిపోతుంటే, పడటం లేదు.

5. కాఫీకి గడువు పెట్టండి

కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం అయిదున్నర ఇరానీ చాయ్ రాత్రి పదిన్నరకి కూడా సగం మేలుకునే ఉంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు.

6. రోజులో ఒక్క అరగంట ఎవరికీ ఇవ్వకండి

జిమ్ ముఖం ఎప్పుడూ చూడని పాఠకురాలు ఇప్పటికే విసుక్కుంటూ ఉంటుంది, "నాకీ గోలంతా ఎందుకు" అని. అమ్మా, ఇది ముఖ్యంగా మీకే. పొద్దున అయిదింటికి పాలు కాచడంతో మొదలై రాత్రి పదకొండింటికి వంటగది తుడవడంతో ముగిసే రోజు మీది. మధ్యలో పిల్లల హోంవర్క్, మావగారి బీపీ మాత్రలు, మిగిలిపోయిన ఉప్మా పారేయలేక తినడం. రోజంతా నిలబడే ఉంటారు, పనికి లోటు లేదు, అయినా నడుము పెరుగుతోంది. "ఇంత పని చేస్తుంటే ఎక్సర్‌సైజు ఎందుకు" అని ఇంట్లోవాళ్లు అంటారు. మీకు కావాల్సింది ఇంకో పని కాదు, పని లేని అరగంట. ఆ అరగంటలో నడవండి, ఊరికే కూర్చోండి, పాటలు వినండి, నిదానంగా ఊపిరి తీసి అంతకన్నా నిదానంగా వదలండి.

అడగడం కష్టం, తెలుసు. మాట ఇలా మొదలెట్టి చూడండి: "అత్తయ్యా, అరగంట నడిచొస్తాను. మూడు విజిల్స్ వచ్చాక కుక్కర్ కట్టేస్తారా?" అనుమతి అడిగినట్టు కాకుండా పని అప్పజెప్పినట్టు ఉండాలి. మొదటి రెండు రోజులు పప్పు మాడొచ్చు. మాడనివ్వండి.

7. పొడులు, పరీక్షలు, మాత్రల జోలికి వెళ్లేముందు

"అడ్రినల్ ఫెటీగ్" అని ఒక జబ్బు పేరు చెప్పి సీసాలు అమ్ముతున్నారు. హార్మోన్ల వైద్యులు అలాంటి జబ్బుని గుర్తించలేదు. ఊరికే ఒక ఉదయం రక్తం ఇచ్చి కార్టిజోల్ చూపించుకుంటే మీ ఒత్తిడి ఎంతో తెలియదు. అది గంట గంటకీ మారే అంకె. అశ్వగంధ కార్టిజోల్‌ని కొద్దిగా తగ్గించవచ్చని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పాయి నిజమే, కానీ దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. థైరాయిడ్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు సొంతంగా మొదలెట్టకూడదు.

అన్నిటికన్నా ప్రమాదం ఇంకోటి. బక్కపలచగా ఉన్న ఆడపిల్లకి పెళ్లి చూపుల ముందు "ఒళ్లు చేయడానికి" అని మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే చిన్న మాత్రలు. వాటిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. బుగ్గలు వస్తాయి, అవి ఆరోగ్యం బుగ్గలు కావు. పైన చెప్పిన చంద్రబింబం అదే. కీళ్లనొప్పులకి, ఆయాసానికి డాక్టరు రాసిన స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఒక్కసారిగా మానేయకండి. చాన్నాళ్లు వాడాక ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

పొట్ట మీద వేలెడు వెడల్పున ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే కమిలిపోయే చర్మం, చేయి ఆనించకుండా నేల మీంచి లేవలేకపోవడం, కొత్తగా వచ్చిన బీపీ, ఇవి కలిసి కనిపిస్తే వెంటనే హార్మోన్ల వైద్యుల (ఎండోక్రినాలజిస్ట్) దగ్గరికి వెళ్లండి.

ఇవన్నీ ఒకేసారి మొదలెట్టకండి, అది మళ్లీ ఒత్తిడే. మొదటి రెండు వారాలు నిద్ర, టేపు. తర్వాత గుడ్లు, పప్పు. వ్యాయామం మార్పులు చివర్లో. ఒక్క సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకుండా: పరుగు తగ్గించి, టిఫిన్ మొదలెట్టిన మొదటి వారంలో కాటా కిలో దాకా పైకి చూపొచ్చు. కండల్లో ఖాళీ అయిన చక్కెర నిల్వ, దాంతోపాటు నీళ్లు తిరిగి చేరడం అది. ఆ ఆదివారం కాటా దిగి, అలారం మళ్లీ 4:45కి పెట్టబోతారు చూడండి, అప్పుడు టేపు తీయండి.